యంత్రానికి ఊపిరి

ప్రాణికోటికి గాలి ఆధారం. ఇంద్రుని వజ్రాయుధపు దెబ్బకు బాలహనుమంతుడు నేలకు ఒరిగినప్పుడు, పుత్రశోకంతో వాయుదేవుడు తన సంచారాన్ని నిలిపివేశాడనీ, దానితో ముల్లోకాలూ ఊపిరాడక తల్లడిల్లాయనీ రామాయణంలోని ఉత్తరకాండ చెబుతుంది. గాలి కదలిక ఆగితే జగత్తే ఆగుతుందన్నది ఆ కథలోని అంతరార్థం. మానవుడు నిర్మించుకొన్న యంత్రాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది. కళాశాలల్లో, కార్యాలయాల్లో, ధాన్యపు మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో పనిచేసే కంప్యూటర్‌కు ఊపిరి వంటిది దాని విద్యుత్ సరఫరా పెట్టెలో తిరిగే అరచేయంత పంకా. అది తిరుగుతున్నంత కాలం దానిని ఎవరూ గమనించరు. ఆగిన తరువాత గమనించినా, అప్పటికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

చెరకు సీమ నేర్పిన పాఠం

యంత్రానికి గాలి ఎంత అవసరమో బోధన్ ప్రాంతంలోని పెద్దలకు బాగా తెలుసు. మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ సీమకు నీరందించగా చెరకు సాగు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైంది. దాని చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరు స్థిరపడింది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. అయినా చక్కెర కర్మాగారం పనిచేసే తీరు ఈ ప్రాంతపు జ్ఞాపకాలలో నిలిచి ఉంది.

చక్కెర కర్మాగారంలో చెరకు పిప్పిని మండించి, బాయిలర్లలో నీటిని ఆవిరిగా మారుస్తారు. ఆ మంటకు గాలిని అందించేది ఒక పంకా. పొగను, వేడి వాయువులను బయటికి లాగివేసేది మరొక పంకా. పొగను లాగే పంకా ఆగితే బాయిలర్‌ను ఆపవలసి వస్తుంది. బాయిలర్ ఆగితే ఆవిరి ఉండదు. ఆవిరి లేనిదే చెరకు ఆడించడం సాగదు. ఈలోగా బయట బండ్లలో, లారీలలో వేచి ఉన్న చెరకు ఊరకే ఉండదు. కోసిన చెరకు గంటగంటకూ తనలోని చక్కెరను కోల్పోతూనే ఉంటుంది. ఒక్క పంకా ఆగితే ఆ నష్టం చివరికి రైతు దాకా చేరుతుంది.

నేడు ఇటువంటి స్థానంలో కంప్యూటర్ ఉంది. 2016లో దేశంలో జాతీయ వ్యవసాయ మార్కెట్, అనగా ఈ-నామ్, ప్రారంభమైనపుడు దానిలో చేరిన మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. రైతు తెచ్చిన పసుపు రాశి నమోదు, ధర నిర్ణయం, తూకం, తక్‌పట్టీ వంటి పనులు కంప్యూటర్‌తో ముడిపడి ఉన్నాయి. వేలం నడుస్తున్న వేళ కంప్యూటర్ ఆగిపోతే, తెల్లవారుజామున బండి కట్టి వచ్చిన రైతు ఎండలో వేచి ఉండక తప్పదు.

వేడి పుట్టే చోటు

గోడలోని ప్లగ్గు నుండి వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటర్‌లోని సున్నితమైన భాగాలకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును చేసే లోహపు పెట్టెనే సాంకేతిక నిపుణులు ఎస్‌ఎంపీఎస్ అంటారు. ఇది ముందుగా ఏకాంతర విద్యుత్తును సుమారు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. దానిని సెకనుకు వేలాది పర్యాయాలు తుంచి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తగ్గించి, సమం చేసి కంప్యూటర్‌కు అందిస్తుంది.

ఈ మార్పులో కొంత విద్యుత్తు వేడిగా మారి వృథా అవుతుంది. కంప్యూటర్‌కు 200 వాట్లు కావాలనుకొందాం. నూటికి 70 పాళ్ల సామర్థ్యం గల ఎస్‌ఎంపీఎస్ అందుకు సుమారు 286 వాట్లు తీసుకొంటుంది. మిగిలిన 86 వాట్లు ఆ చిన్న పెట్టెలోనే వేడిగా మారుతాయి. మూతపెట్టిన డబ్బాలో 60 వాట్ల పాతకాలపు బల్బును వెలిగించిన దానికంటె ఇది ఎక్కువ. సామర్థ్యం నూటికి 85 పాళ్లయితే తీసుకొనేది సుమారు 235 వాట్లు. వేడిగా మారేది 35 వాట్లు మాత్రమే. అందువల్ల మంచి ఎస్‌ఎంపీఎస్‌లో పంకాకు పని తగ్గుతుంది, కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది.

పల్లెలలో వోల్టేజి పడిపోవడం మరొక కారణం. వోల్టేజి తగ్గినా కంప్యూటర్‌కు కావలసిన శక్తి తగ్గదు. కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటును లాగుతుంది. 230 వోల్టుల వద్ద 1.1 ఆంపియర్లు తీసుకొనే పెట్టె, 180 వోల్టుల వద్ద 1.4 ఆంపియర్ల దాకా తీసుకొంటుంది. కరెంటు పెరిగిన కొద్దీ లోపలి వేడి కూడా పెరుగుతుంది.

పంకా చేసే పని

పంకా గాలిని చల్లబరుస్తుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. పంకా వేడిగాలిని బయటికి నెట్టి, దాని స్థానంలోకి గదిలోని గాలిని రప్పిస్తుంది. కనుక ఎస్‌ఎంపీఎస్ లోపలి ఉష్ణోగ్రత ఎన్నటికీ గది ఉష్ణోగ్రత కంటె తగ్గదు. నిజామాబాద్‌లో మే మాసంలో పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరడం సాధారణం. మధ్యాహ్నవేళ గదిలోనే 38 డిగ్రీలు ఉంటే, పెట్టె లోపలి వేడి ఆ మెట్టు నుండి పైకి మొదలవుతుంది. చలికాలంలో హాయిగా పనిచేసిన యంత్రం వేసవిలో మొరాయించడానికి కారణం ఇదే.

ఎండకు దుమ్ము తోడవుతుంది. నిజామాబాద్ మార్కెట్‌కు కొత్త పసుపు విరివిగా వచ్చే కాలమూ, ఎండలు ముదిరే కాలమూ ఒక్కటే. పసుపు పొడి, ధాన్యపు ఊక, రేగడి మట్టి దుమ్ము పంకా రెక్కలకు, లోపలి లోహపు పలకలకు పట్టుకొంటాయి. వేడిని వదలవలసిన పలకలపై దుమ్ము దుప్పటివలె పరచుకొంటుంది. రెక్కలు బరువెక్కి వేగం తగ్గుతుంది. బేరింగులోని నూనె ఎండిపోయి శబ్దం మొదలవుతుంది.

ఈ వేడికి ముందుగా బలి అయ్యేవి కెపాసిటర్లు. ఇవి విద్యుత్తును క్షణకాలం నిలువచేసి, ప్రవాహాన్ని సమంగా ఉంచే చిన్న డబ్బాల వంటి భాగాలు. వీటిలోని ద్రవం వేడికి క్రమంగా ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుర్దాయం సుమారుగా సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఉదాహరణకు 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు పనిచేయగల కెపాసిటర్, 85 డిగ్రీల వద్ద 8,000 గంటలు, 75 డిగ్రీల వద్ద 16,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిచే కంప్యూటర్‌లో మొదటిది మూడేళ్లకు పైగా, రెండవది ఆరేళ్లకు పైగా మన్నుతుంది. పంకా సక్రమంగా తిరిగి 10 డిగ్రీల వేడిని తగ్గించగలిగితే యంత్రం ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు అవుతుంది.

ప్రమాద సూచనలు

పంకా చెడిపోయే ముందు కొన్ని సూచనలు చేస్తుంది. ఉదయం కంప్యూటర్‌ను వేయగానే గరగరమనే శబ్దం వచ్చి, కొద్దిసేపటికి తగ్గిపోతే బేరింగు అరిగిందని గ్రహించాలి. వెనుకవైపు అరచేయి పెట్టి చూసినపుడు గాలి బలహీనంగా, మిక్కిలి వేడిగా తగిలితే దుమ్ము చేరిందని అర్థం. ఉదయం బాగా పనిచేసిన కంప్యూటర్ మధ్యాహ్నం తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంటే వేడిని అనుమానించాలి. కాలిన వాసన వస్తే మరొక ఆలోచన లేకుండా స్విచ్ ఆపి, ప్లగ్గు తీసివేయాలి.

మంచి ఎస్‌ఎంపీఎస్‌లో వేడి హద్దు మీరినపుడు సరఫరాను తనంతట తానే నిలిపివేసే ఏర్పాటు ఉంటుంది. నాసిరకపు వాటిలో ఈ ఏర్పాటు ఉండకపోవచ్చు. అప్పుడు చెడిన ఎస్‌ఎంపీఎస్ తనతోపాటు మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా పాడుచేయవచ్చు. ఒక్కొక్కసారి నిప్పు అంటుకొనే ప్రమాదమూ ఉంది. మదర్‌బోర్డును కొనుక్కోవచ్చు. హార్డ్‌డిస్కులోని సంవత్సరాల లెక్కలు, విద్యార్థుల వివరాలు, రైతుల బాకీలు ఏ దుకాణంలోనూ దొరకవు.

కొత్తదానిని ఎంచుకోవడం

మొదట నిర్ణయించవలసినది పంకాను మార్చాలా, ఎస్‌ఎంపీఎస్‌ను మొత్తంగా మార్చాలా అన్నది. ఎస్‌ఎంపీఎస్ మంచి రకానిదై, పంకా ఒక్కటే అరిగితే పంకాను మార్చవచ్చు. కెపాసిటర్ల తలలు ఉబ్బినా, లోపల నల్లబడినా, పెట్టె చాలా పాతదైనా మొత్తంగా మార్చడమే మేలు.

పంకాను మార్చేటప్పుడు పాతదానిపై ముద్రించిన వివరాలే కొలబద్ద. పరిమాణం 80 మిల్లీమీటర్లా, 120 మిల్లీమీటర్లా అన్నది, దాని మందం, 12 వోల్టులు, ఆంపియర్లు, గాలి వీచే దిశ సరిపోవాలి. శబ్దం రాదని చెప్పి తక్కువ వేగపు పంకాను అమర్చితే గాలి చాలదు. బేరింగు రకాన్ని కూడా అడిగి తెలుసుకోవాలి. చవకైన స్లీవ్ బేరింగు వేడికి త్వరగా అరుగుతుంది. బాల్ బేరింగు కొంచెం శబ్దం చేసినా వేడిని తట్టుకొంటుంది. ద్రవపు పొరపై తిరిగే ఫ్లూయిడ్ బేరింగు నిశ్శబ్దంగా ఎక్కువకాలం మన్నుతుంది. ధర మాత్రం ఎక్కువ.

ఎస్‌ఎంపీఎస్‌ను కొనేటప్పుడు పెట్టెపై పెద్ద అక్షరాలతో రాసిన వాట్లను చూసి మోసపోరాదు. పక్కనే ఉన్న పట్టికలో 12 వోల్టుల వరుసను చదవాలి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, 12ను 16తో గుణించగా వచ్చేది 192 వాట్లు. నేటి కంప్యూటర్ ఎక్కువగా వాడుకొనేది ఈ వరుసనే. పెట్టెపై 450 అని ఉన్నా దాని అసలు బలం ఈ వరుసలోనే తెలుస్తుంది.

ఆ తరువాత చూడవలసినది ఉష్ణోగ్రత. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌ల బలాన్ని 25 డిగ్రీల వద్ద లెక్కకట్టి రాస్తారు. మేలైన వాటికి 40 లేదా 50 డిగ్రీల వద్ద హామీ ఇస్తారు. 25 డిగ్రీల లెక్క చలిదేశపు గదికి సరిపోవచ్చు గాని నిజామాబాద్ వేసవికి సరిపోదు. సామర్థ్యాన్ని తెలిపే '80 ప్లస్' అనే గుర్తు 2004 నుండి వాడుకలో ఉంది. ఇది వృథా తక్కువని చెప్పే మంచి గుర్తే. అయితే ఆ పరీక్ష సాధారణ గది ఉష్ణోగ్రత వద్ద జరిగేది కావడం వల్ల, వేడిని తట్టుకొనే శక్తి గురించి విడిగా అడగాలి. భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, కొన్ని సంవత్సరాల వారంటీ, బిల్లు ఉన్నాయో లేవో చూసుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు

ఎస్‌ఎంపీఎస్ పెట్టెను విద్యార్థులు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాపాయకరం. పంకాను మార్చడం అనుభవజ్ఞుడైన నిపుణుని పని.

విద్యార్థులు చేయదగిన పనులు వేరే ఉన్నాయి. కంప్యూటర్‌ను బల్లకింది మూసిన అరలో కాక, గోడకు జానెడు దూరంలో, నేలకు కొంచెం ఎత్తులో ఉంచాలి. దుమ్ము పడకుండా కప్పిన గుడ్డను యంత్రం నడుస్తున్నప్పుడు తప్పక తీసివేయాలి. మూడు నెలలకు ఒకసారి, పసుపు కాలంలో నెలకు ఒకసారి, ప్లగ్గు తీసి, బ్లోవరుతో బయటి నుండి దుమ్మును ఊదించాలి. వోల్టేజి నిలకడగా లేని చోట స్టెబిలైజర్‌ను లేదా యూపీఎస్‌ను వాడాలి. ముఖ్యమైన లెక్కలకు మరొక చోట నకలు ఉంచాలి.

ఇవేవీ గొప్ప ఖర్చుతో కూడినవి కావు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోరాదని పెద్దలు చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఈసారి కళాశాల ప్రయోగశాలలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు విద్యార్థి ఒక్క క్షణం దాని వెనుక అరచేయి పెట్టి చూడాలి. గాలి ధారాళంగా తగిలితే పని మొదలుపెట్టవచ్చు. తగలకపోతే వెంటనే అధ్యాపకునికి చెప్పాలి.