వాక్కు, గేయము, గళము: చెన్నపురి లలితగేయకారులు

వాక్కును మాతువనియు, గేయమును ధాతువనియు పేర్కొని, ఆ రెంటిని తానే కల్పించువాడు వాగ్గేయకారుడని శార్ఙ్గదేవుడు పదుమూడవ శతాబ్దమున సంగీతరత్నాకరములో నిర్వచించినాడు. ఒరులు కట్టిన వరుసకు మాటలు కూర్చువానికి అందు వేరొక పేరు కలదు: కుట్టికారుడు. నేటి చలనచిత్ర గీతరచయితలలో పెక్కురు ఈ రెండవ కోవకు చెందుదురన్నచో వారు కోపింతురేమో గాని, లక్షణము మాత్రము అట్లే యున్నది. త్యాగరాజస్వామితో వాగ్గేయకార పరంపర ముగిసినదని మన పిల్లల తలంపు. అది ముగియలేదు. ఈ చెన్నపురిలోనే, రేడియో నిలయమున, వేరొక రూపు దాల్చినది.

1938 జూన్ 16వ తేదీన మద్రాసు రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. గంటలకొలది సాగు కచ్చేరీ పద్ధతి రేడియోకు అన్నివేళల ఒదుగదు. గ్రామఫోను రికార్డు ఒక ప్రక్కన పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల పాటయే. ఇటు చూడగా భావకవుల గీతములు వరుసలు లేక పుస్తకములలో వేచియుండెను. ఈ అవసరములన్నియు కలిసి లలితసంగీతమునకు దారి తీసినవి. ఇందు రాగచ్ఛాయ యుండును గాని రాగవిస్తారముండదు, గమకము తగ్గును, మాట స్పష్టముగా చెవిని బడును.

ఈ మార్గమున అగ్రగణ్యులు బాలాంత్రపు రజనీకాంతరావుగారు. వేంకట పార్వతీశ కవులలో ఒకరగు వేంకటరావుగారి కుమారులు. 1920లో నిడదవోలున జన్మించి, 1941లో మద్రాసు రేడియోలో ప్రవేశించిరి. రచన వారిది, వరుస వారిది, పలుమారు గళమును వారిదే. 1947 ఆగస్టు 15న మద్రాసు కేంద్రమునుండి టంగుటూరి సూర్యకుమారి గళమున వెలువడిన ‘మాదీ స్వతంత్ర దేశం’ వారి సృష్టియే. ‘స్వర్గసీమ’ (1945) చిత్రమున భానుమతిగారు పాడిన ‘ఓహో పావురమా’ రచనయు వారిదే. ఆ పాట వినగానే భానుమతిగారి పేరు చెప్పువారు వేలకొలది. రజనిగారి పేరు చెప్పువారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ప్రాచీనులకు ఇట్టి మరపు రాకూడదనియే కాబోలు, వారు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచించిరి. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అన్యుల చరిత్ర వ్రాసిన ఆ మహనీయుడు 2018లో తొంబదియెనిమిదవ యేట విజయవాడలో కీర్తిశేషుడయ్యెను. వారి చరిత్రను అంత శ్రద్ధగా వ్రాయువారెవరు?

ఆ 1961వ సంవత్సరముననే సూర్యకుమారిగారు న్యూయార్కు రంగస్థలముపై రవీంద్రుని ‘రాజా’ నాటకపు ఆంగ్లరూపమున నటించి విమర్శకుల మన్ననలందిరి. అదే జనవరిలో బాబ్ డిలన్ అను పందొమ్మిదేండ్ల యువకుడు ఆ నగరమునకే వచ్చి, గ్రీన్విచ్ విలేజి కాఫీశాలలలో గిటారు పట్టి పాడసాగెను. తన మాట, తన వరుస, తన గొంతు: మనము వాగ్గేయకారత్వమనునది అదియే. 2016లో ఆయనకు సాహిత్యమున నోబెల్ బహుమానమిచ్చిరి. కరోల్ కింగ్ అను నామె కథ మనకు మరింత సన్నిహితము. ఆమె 1960ల యందు భర్తతో కూడి ఇతర గాయకులకు పాటలు సమకూర్చి యిచ్చుచుండెను. 1971లో ‘టాపెస్ట్రీ’ అను సంపుటమున తానే పాడి లోకప్రసిద్ధి గాంచెను. ఆమెకు రికార్డుల విపణి తోడ్పడినది. రజనిగారు రేడియో ఉద్యోగి. నాటి ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు పాడి వినిపించినవే. గాలిలో పుట్టి గాలిలో కలిసినవి. ప్రతిభలో తారతమ్యము కాదిది, భద్రపరచుటలోని తారతమ్యము.

మోపర్రులో 1921లో జన్మించిన ఎం. ఎస్. రామారావుగారును ఈ కోవలోనివారే. మద్రాసు చిత్రసీమలో నేపథ్యగాయకులై, తరువాత సుందరకాండను తేటతెలుగున గేయముగా తామే రచించి తామే పాడిరి. జనులు వారిని ‘సుందరదాసు’ అనిరి. పండితులు దానిని కావ్యముగా పరిగణించిరో లేదో గాని, చదువురాని అవ్వలకు అది కంఠస్థము. 1992లో వారు గతించిరి. ఆ పాట మా వీధి గుడిలో శనివారము వినబడుచునే యున్నది.

మా బడిలో నేను తెలుగు చెప్పుదును. 2006 నాటి తమిళ నిర్బంధ విద్యాశాసనము తరువాత మా తరగతులలో తెలుగు చదువు చిక్కిపోయినది. తమిళము నేర్వవలదని నేననను, ఈ నేల భాష అది. అయితే గత స్వాతంత్ర్యదినోత్సవమునకు ‘మాదీ స్వతంత్ర దేశం’ నేర్పుచుండగా ఒక బాలిక చక్కగా పాడినది. ఆమె నోటుపుస్తకము తెరచి చూడగా పాటయంతయు తమిళ లిపిలో నుండెను. ఆ లిపిలో తకార దకారములకు ఒక్కటే అక్షరము. ప్రక్కనున్న బాలుడు దానిని చూచి ‘తేశం’ అని చదివెను. ఎవరు వ్రాసిన పాటయని అడుగగా, “ఏదో సినిమాది గదా అయ్యా!” యనిరి. నల్లబల్లపై రజనిగారి పేరు తెలుగున వ్రాసి, మరునాటికి దానిని పదిమారులు వ్రాసి తెమ్మంటిని. పదునొకండుగురిలో తొమ్మండుగురు తెచ్చిరి.