డర్హం బొగ్గు జాతర: వారసత్వం ఎవరిది?

ఇంగ్లండు ఈశాన్యాన డర్హం అని ఓ చిన్న పట్టణం ఉంది. నది ఒంపులో కొండ, కొండ మీద తొమ్మిది వందల ఏళ్ల నాటి పెద్ద చర్చి, దాని పక్కనే కోట, చుట్టూ విశ్వవిద్యాలయం. మామూలు రోజుల్లో అది బిషప్పుల ఊరు, ప్రొఫెసర్ల ఊరు. జూలై నెల రెండో శనివారం మాత్రం ఆ ఊరు బొగ్గు జనానిది. పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు గుంపులు గుంపులుగా దిగుతారు. ఒక్కో ఊరికి ఒక పట్టు బ్యానరు, ఒక బ్రాస్ బ్యాండు. ఇద్దరు రెండు గుంజలు మోస్తే, గాలికి పడిపోకుండా ముందూ వెనకా మరికొందరు తాళ్లు పట్టుకుంటారు. ఇరుకు వీధుల్లో నడిచి, కౌంటీ హోటల్ బాల్కనీ ముందు ఆగి వాయించి, నది ఒడ్డున రేస్‌కోర్సు అనే మైదానానికి చేరతారు. అక్కడ సభ. దీని పేరు డర్హం మైనర్స్ గేలా. ఆ ఊళ్ల జనం మాత్రం ‘పెద్ద మీటింగు’ అంటారు. 1950లలో దీనికి రెండు లక్షల మందికి పైగా వచ్చేవాళ్లు.

ఇప్పుడు అక్కడ ఒక్క బొగ్గు బావి కూడా లేదు. చివరిది వేర్‌మౌత్, 1993 డిసెంబర్‌లో మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. బావులు పోయినా సభ మాత్రం పోలేదు. కరోనా వల్ల 2020లో, 2021లో ఆగింది, మళ్లీ మొదలైంది. పని పోయాక కూడా ఆ పని పేరు మీద జనం ఎందుకు కూడుతున్నారు? దళిత అధ్యయనాలు చేసే మనకు దీంతో ఏం పని? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసం.

మొదట ఒక మాట తేల్చుకోవాలి. డర్హం గని కార్మికుడు అంటరానివాడు కాదు. కులం అనే మెట్ల వ్యవస్థ అక్కడ లేదు. ‘అక్కడి కార్మికులూ ఇక్కడి దళితులూ ఒక్కటే’ అని తేలిగ్గా చెప్పేస్తే మనం మన అనుభవాన్ని మనమే చెరిపేసుకున్నట్టు. అయినా పోల్చడానికి కొన్ని గట్టి విషయాలున్నాయి. డర్హంకు పైనున్న స్కాట్లాండులో 1606 నాటి చట్టం బొగ్గు పనివాడిని యజమాని గనికి కట్టేసింది. గని అమ్ముడుపోతే మనిషి కూడా దాంతో పాటే పోయేవాడు. అది పూర్తిగా పోవడానికి 1775లో ఒకటి, 1799లో ఒకటి, రెండు చట్టాలు కావాల్సి వచ్చాయి. డర్హంలో అంత లేదు గానీ ‘బాండు’ ఉండేది. ఏడాదికోసారి పనివాళ్లంతా వచ్చి కాగితం మీద వేలిముద్ర లాంటి గుర్తు, ఒక అడ్డగీత, పెట్టాలి. ఏడాది లోపల పని వదిలితే జైలు. మన పల్లెల్లో ఉగాది నుంచి ఉగాదికి జీతానికి కుదిరిన పాలేరును తలుచుకుంటే విషయం అర్థమవుతుంది.

ఆ బాండు మీద తిరగబడ్డవాళ్లను ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. 1831–32లో థామస్ హెప్‌బర్న్ నడిపిన యూనియన్‌ను విరగ్గొట్టారు. పని దొరక్క అల్లాడిపోయిన హెప్‌బర్న్, ఇక యూనియన్ జోలికి పోనని ఒప్పుకున్నాకే మళ్లీ బావిలో కాలు పెట్టగలిగాడు. అదే 1832లో విలియం జాబ్లింగ్ అనే గని కార్మికుడిని ఉరితీసి, శవానికి తారు పూసి, ఇనప చట్రంలో బిగించి, అతని ఇంటి వాళ్లకు కనబడేంత దగ్గర్లో వేలాడదీశారు. 1844 సమ్మెలో కుటుంబాలను ఇళ్లలోంచి బయటికి లాగేశారు. లండన్‌డెరీ ప్రభువు తన సీహాం పట్టణంలో దుకాణదారులను బెదిరించాడు, సమ్మె చేసేవాళ్లకు అరువు ఇస్తే ఊరుకోనని. చుండూరుకు ముందు జరిగిన సాంఘిక బహిష్కారం తెలిసిన పాఠకులకు దీనికి వివరణ అక్కర్లేదు.

ఇన్ని దెబ్బల తర్వాత 1869లో డర్హం మైనర్స్ అసోసియేషన్ పుట్టింది. 1871 ఆగస్టు 12న వార్టన్ పార్కులో మొదటి గేలా జరిగింది. మరుసటి ఏడు, 1872లో, బాండు రద్దయింది. ఆ ఏడే సభ రేస్‌కోర్సుకు మారింది. అంటే ఇది పంటల పండగ కాదు, దేవుడి తిరునాళ్లు కాదు. కట్టు తెంచుకుంటున్న రోజుల్లో, తమను ఎప్పుడూ లోపలికి రానివ్వని పట్టణం నడిబొడ్డుకి పనివాళ్లు నడిచి వచ్చిన రోజు. మొదటి ఏళ్లలో పట్టణంలోని పెద్దమనుషులు కొట్లాటలు జరుగుతాయని భయపడ్డారు. అలాంటివేం జరగలేదు.

బ్యానర్ల గురించి కొంచెం నిదానంగా చెప్పుకుందాం, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. వాటి మీద ‘లాడ్జి’ అని రాసి ఉంటుంది. మనకు లాడ్జి అంటే అద్దె గది. వాళ్లకు ఒక బావి కార్మికుల యూనియన్ శాఖ. పేరు కింద ఆ శాఖ ఎన్నుకున్న బొమ్మ. కొన్నిటి మీద కెయిర్ హార్డీ, ఎ.జె.కుక్. చాప్‌వెల్ బ్యానరు మీద మార్క్సు, లెనిన్ కూడా ఉన్నారు. కొన్నిటి మీద ఆసుపత్రి, కొన్నిటి మీద వృద్ధాప్యంలో కార్మికులకు కట్టించిన ఇళ్లు. ఎవరి బొమ్మ పెట్టాలో యజమాని చెప్పలేదు, చర్చి చెప్పలేదు. శాఖ సభ్యులే వాదులాడుకుని తేల్చుకున్నారు. మన వాడల్లో ఏప్రిల్ 14 ఊరేగింపుకి ఏ పటం ముందుండాలి, ఎవరి పేరు ఎక్కడ రాయాలి అని రాత్రిళ్లు జరిగే చర్చలు విన్నవాళ్లకి ఇది కొత్త కాదు.

ఆ ఏడాదిలో బావిలో ఎవరన్నా చనిపోతే ఆ బావి బ్యానరుకు నల్ల గుడ్డ కప్పి తెచ్చేవాళ్లు. ఎక్కడా ఉపన్యాసం అక్కర్లేదు. 1951 మేలో ఈసింగ్టన్‌లో పేలుడు జరిగి 81 మంది కార్మికులు, వాళ్లను కాపాడడానికి దిగిన ఇద్దరు, మొత్తం 83 మంది పోయారు. అంతకు ముందు 1909లో వెస్ట్ స్టాన్లీలో 168 మంది. సభలో వాయించే ‘గ్రెస్‌ఫర్డ్’ అనే బాణీ కూడా చావు బాణీయే. 1934లో వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ గనిలో 266 మంది చనిపోతే, డర్హం ప్రాంతపు గని కార్మికుడు రాబర్ట్ సెయింట్ దాన్ని కట్టాడు. దానికి మాటల్లేవు. అది మొదలవగానే లక్షమంది టోపీలు తీసి నిలబడతారు.

బ్యాండు దగ్గర మనకూ వాళ్లకూ తేడా వస్తుంది. వాళ్లు తమ కూలి డబ్బుల్లోంచి చందా వేసుకుని ఇత్తడి వాయిద్యాలు కొన్నారు, సాయంత్రాలు నేర్చుకున్నారు. అది వాళ్లు ఎంచుకున్నది. మన డప్పు అలా కాదు. చావుకి, చాటింపుకి, ఊరి జాతరకి మాదిగలు వెట్టిగా కొట్టాల్సిన డప్పు అది. కళ అని పొగిడేవాళ్లు దాని వెనకున్న బలవంతాన్ని మర్చిపోతారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అదే డప్పును ఊరి పని కోసం కాకుండా తమ హక్కు కోసం కొట్టారు. ‘వారసత్వ కళ’ అనే మాట వాడేటప్పుడు ఈ రెంటినీ విడదీసి చూడాలని మా అభిప్రాయం. వారసత్వమంతా దాచుకోదగ్గది కాదు. కొంత వదిలించుకోవాల్సింది, కొంత గుంజుకోవాల్సింది.

సభ మధ్యాహ్నం కొన్ని బ్యానర్లు చర్చిలోకి వెళ్తాయి. కొత్త బ్యానర్లకు అక్కడ ఆశీర్వాదం. చూడ్డానికి సామరస్యంగా ఉంటుంది గానీ చరిత్ర అంత నున్నగా లేదు. ఆ ప్రాంతంలో నేల కింది బొగ్గుకు రాయల్టీలు తిన్న పెద్ద భూస్వాముల్లో చర్చి ఒకటి. 1925 గేలాలో చర్చి డీన్ వెల్డన్‌ను జనం నదిలోకి తోయబోయారు. కార్మికులకు వ్యతిరేకంగా మాట్లాడిన బిషప్ హెన్సన్ అనుకుని పొరపడ్డారట. పాపం డీన్‌ను పడవలో దాటించారు. గుడి మాన్యాల కౌలు కట్టిన చేతులకు ఆ గుడి గడప దొరకని కథ మనది. వాళ్లు గడప దాటారు, బ్యాండు మోగించుకుంటూ దాటారు.

బావులు మూసేయడం 1984–85 సమ్మె ఓడాకే మొదలయిందని చాలామంది అనుకుంటారు. అంతకు ముందే, 1951లో, డర్హం కౌంటీ ప్రణాళిక 114 ఊళ్లను ‘డి’ తరగతిలో వేసింది. బొగ్గు అయిపోతోంది గనక ఆ ఊళ్లలో ఇక కొత్త ఇళ్లకు, రోడ్లకు డబ్బు పెట్టొద్దు, మెల్లగా ఖాళీ అయిపోనివ్వాలి, ఇదీ ఆలోచన. చేసింది ఏ పెట్టుబడిదారో కాదు, లేబర్ పార్టీ చేతిలో ఉన్న కౌన్సిలే. తమ పార్టీయే తమ ఊరికి చావు చీటీ రాసింది. ఊళ్లవాళ్లు ఎదిరించారు, చాలా ఊళ్లు బతికాయి. ఆ ఊళ్ల పేర్లే ఇవాళ బ్యానర్ల మీద ఉన్నాయి. ‘మా ఊరు ఉంది’ అని చెప్పడానికే నడుస్తున్నారు.

ఈ సభలో లేనివాళ్ల సంగతి? ఆడవాళ్లు చాలాకాలం రోడ్డు పక్కనే నిలబడ్డారు. 1842 చట్టం ఆడవాళ్లను, పదేళ్ల లోపు మగపిల్లలను భూగర్భ పని నుంచి తప్పించింది. దాంతో ‘గని కార్మికుడు’ అంటే మగవాడే అయిపోయాడు. 1984–85 సమ్మెలో వంటశాలలు నడిపి, పికెట్లలో నిలబడ్డాక గానీ ఆడవాళ్లు తమ బ్యానర్లతో నడవలేదు. మన దగ్గర కథ వేరు. ఝరియా, రాణిగంజ్ బొగ్గు మొదట్లో సంతాలులు, బౌరీలు, భుయాలు మొగుడూ పెళ్లాం జంటగా తవ్వి మోసింది. ఆ ఆడవాళ్లను కామిన్లు అనేవారు. 1937 నుంచి అమల్లో ఉన్న భూగర్భ పని నిషేధాన్ని యుద్ధకాలపు బొగ్గు కొరత పేరుతో 1943లో ఎత్తేశారు. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసింది డాక్టర్ అంబేద్కరే. ఆయన దాన్ని సభలో సమర్థించుకోవాల్సి వచ్చింది, సమాన కూలి ఇస్తున్నామన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ వెళ్లి గనిలోకి దిగి చూశారు. 1944 జనవరిలో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. 1946 ఫిబ్రవరిలో నిషేధం తిరిగి అమల్లోకి వచ్చింది. బాబాసాహెబ్ జీవితంలో మనం తక్కువగా చదివే పేజీ ఇది. ఇబ్బందికరమైన భాగం కూడా అందులో ఉంది గనకే పూర్తిగా చదవాలి.

డర్హం బ్యానర్లలో మనమూ లేము. మొదటి గేలా జరిగిన 1871లోనే ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు పొరను గుర్తించాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం రాజ్యపు బొగ్గు హక్కులు పట్టింది. ఆ షేర్ల గోల్‌మాల్ మీద 1888లో బ్రిటిషు పార్లమెంటు కమిటీయే వేసింది. తవ్వకం 1889లో మొదలైంది. షేర్ల సంగతి రికార్డుల్లో ఉంది. తట్టా చెమ్మసూ పట్టి ఆ బాయిలో దిగిన మొదటి మాల, మాదిగ, కోయ మనుషుల పేర్లు ఏ బ్యానరు మీదా లేవు, ఇక్కడా లేవు.

సింగరేణిలో ‘వారసత్వం’ అంటే వేరే అర్థం. ఏ బస్తీకి వెళ్లి అడిగినా అది ఉద్యోగం మాటే. తండ్రి దిగిన బాయి కొడుక్కి. దాని కోసం సమ్మెలు జరిగాయి, ఎన్నికల వాగ్దానాలు అయ్యాయి. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాలు వచ్చాయి. 1990 ప్రాంతంలో లక్ష దాటిన పర్మనెంటు కార్మికులు ఇవాళ నలభై వేల దగ్గరికి తగ్గారు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడికి కొడుక్కి ఇవ్వడానికేమీ లేదు.

డిసెంబర్ 23న, 1920లో కంపెనీ నమోదైన తేదీన, సింగరేణి డే జరుగుతుంది. జెండా, స్టాళ్లు, ఉత్తమ కార్మికుడికి శాలువా. అది కంపెనీ పుట్టినరోజు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్ఈపీలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. ఆ తేదీకి పండగ లేదు సరే, డర్హంలో లాగా నల్లగుడ్డ కప్పిన బ్యానరు నడిచే రోజు కూడా లేదు. ఆ బస్తీల్లో పని చేసే విద్యార్థులను, టీచర్లను మేము అడిగేది ఒకటే. ముందుగా ముసలి కోల్ ఫిల్లర్ల దగ్గర కూర్చోండి. ఏ వాడ నుంచి వచ్చారు, ఎవరి వెంట వచ్చారు, బాయిలో ఎవరు ఏ పనికి పోయేవాళ్లు, ఏ కులపాయనకు ఏ లైన్లో క్వార్టరు దొరికింది, తమతో దిగి పైకి రానివాళ్లెవరు, అడిగి పేర్లతో సహా రాసుకోండి.