అజాన్ వినబడగానే వదలగలిగే ఆట

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ సామాగ్రికి పేరుపొందిన చోటు. మా సోదరి కుమారుడు ఆ చుట్టుపక్కలే ఒక చిన్న దుకాణంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. వయసు ఇరవై రెండేళ్లు. పగలంతా ఇతరుల యంత్రాలతో కుస్తీపట్టి, రాత్రి ఇంటికి రాగానే తన యంత్రం ముందు కూర్చునేవాడు.

గత సంవత్సరం ఒక రాత్రి అతని తండ్రికి ఆయాసం ఎక్కువయింది. తల్లి పక్క గదిలో నుంచి మూడుసార్లు పిలిచింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, దేశదేశాల వారితో కలిసి ఆటలో యుద్ధం చేస్తున్న కొడుక్కి ఆ పిలుపు వినబడలేదు. చివరికి పొరుగువారే ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల మా బావగారు కోలుకున్నారు. కాని తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి.

“ఆ డబ్బాను తెచ్చిన చోటే అమ్మేసి రమ్మని మీరైనా చెప్పండి, మౌలానా సాబ్” అని బావగారు మాకు కబురంపారు.

అప్పటివరకు మేము తరగతిలో ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టి ఖండించినవాళ్లమే. ఆ ఖండన విని మా విద్యార్థులు ఆడటం మానలేదు. మా కంటబడకుండా ఆడటం నేర్చుకున్నారు. అందుచేత ఈసారి తీర్పు చెప్పే ముందు చూడాలనుకున్నాం. నాలుగు సాయంత్రాలు మేనల్లుని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం.

ఆట ఎక్కడ పట్టుకుంటుంది?

వేలమంది ఒకే ఊహాలోకంలో ఒకేసారి తలా ఒక పాత్ర ధరించి తిరిగే ఈ ఆటలను ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్, 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వీటిలో పేరెన్నికగన్నవి. వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో పెద్ద యుద్ధాలకు నలభైమంది ఒకేవేళకు చేరి గంటల తరబడి పోరాడేవారు. నడుమ ఒకరు లేచిపోతే మిగిలినవారి శ్రమకూ ముప్పే. నెలనెలా రుసుము కట్టాలి గనుక, కట్టిన సొమ్ముకు ఆడకపోతే నష్టమనిపిస్తుంది. పైగా కొత్త ఆయుధాలు వస్తూనే ఉంటాయి, పాతవి వెనుకబడిపోతాయి. రోజుకు ఒక గంట మాత్రమే మిగిలే మనిషికి ఇటువంటి ఆటలో ఎప్పుడూ వెనుకవరుసే.

“ఇప్పుడే వస్తున్నా అమ్మీ” అని గంటసేపు రాని పిల్లవాడిని మనం అవిధేయుడు అంటాం. అతడు మరెందరికో మాట ఇచ్చి కూర్చున్నాడన్నది మనకు తెలియదు. మాట ఇవ్వడం మంచి గుణమే. ఇంట్లోవారికి ఇవ్వవలసిన వేళను బయటివారికి రాసివ్వడంలోనే తప్పుంది.

ఈ సంగతి తయారీదారులకూ తెలుసు. వార్‌క్రాఫ్ట్ పరీక్షా దశలో ఎక్కువసేపు ఆడినవారికి దక్కే ఫలం సగానికి తగ్గించారు. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు అదే లెక్కను తిరగవేసి, కొంతకాలం ఆటకు దూరంగా ఉండి వచ్చినవారికి రెట్టింపు ఫలం అన్నారు. జనం సంతోషించారు. విశ్రాంతికి బహుమతి ఇవ్వడం ఆట చేతిలో ఉన్న పనే. ఇవ్వని ఆటలు కావాలనే ఇవ్వడం లేదు.

తీరిక తక్కువైనవాడికి తగిన ఆట

రెండవ సాయంత్రం మేనల్లుడు, “మామూ, ఇంకొకటి చూపిస్తా” అంటూ గిల్డ్ వార్స్ 2 తెరిచాడు. 2012 ఆగస్టు 28న విడుదలైన ఈ ఆటకు నెలవారీ రుసుము లేదు. 2015 నుంచి దాని మూల భాగం ఉచితం. విడుదలైన రోజున అత్యున్నత లెవెల్ 80. నేటికీ అదే 80. పరీక్షల కోసం మూడు నెలలు పక్కన పెట్టి తిరిగి వచ్చినా సంపాదించిన కవచం సంపాదించినట్టే పనికివస్తుంది.

బహిరంగ ప్రదేశాల్లో జరిగే పోరాటాలకు ముందుగా జట్టు కట్టనక్కరలేదు. దారిన పోయేవాడు చేరవచ్చు, పని పడితే వెళ్లిపోవచ్చు. రాక్షసునిపై పదిమంది పోరాడితే ఎవరి వాటా వారికి వస్తుంది. ఒకరి వాటా మరొకరు ఎగరేసుకుపోరు. ఒకరు తవ్విన గనినే మరొకరూ తవ్వుకోవచ్చు. పడిపోయిన వాడిని ముక్కూమొహం తెలియనివాడైనా లేపవచ్చు. 80వ లెవెల్ వీరుడు చిన్నవారి ప్రాంతానికి వస్తే ఆట అతని బలాన్ని అక్కడివారి స్థాయికి తగ్గిస్తుంది. అన్న తమ్ముడితో కలిసి ఆడగలగడం అందువల్లనే.

మూడవ సాయంత్రం ఆడుతుండగా మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆన్‌లైన్ లోకం ఎవరికోసమూ ఆగదు. కాని అతడు తన పాత్రను కోటగోడల లోపలికి చేర్చి, తెర ఆపి, వుజూకు లేచాడు. ఎవరికీ నష్టం కలగలేదు, ఎవరికీ క్షమాపణ చెప్పవలసిన పని పడలేదు. తీరిక తక్కువైనవాడికి ఏ ఆట తగినదో ఆ క్షణాన మాకు బోధపడింది: లేచిపోతే శిక్షించని ఆట.

మెప్పుతోపాటు హెచ్చరిక

ఈ ఆటలోనూ పదిమంది కట్టుబడి ఆడవలసిన రెయిడ్లు ఉన్నాయి. వాటి జోలికి పోతే కథ మొదటికి వస్తుంది. లోపల ఏముందో తెలియని పెట్టెలున్నాయి. వాటి తాళంచెవులు డబ్బుకూ దొరుకుతాయి. డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. దేశమంతటికీ వర్తించే నిషేధ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. చట్టం ఈ పెట్టెలను ఏ లెక్కలో వేసినా, ఏమి వస్తుందో తెలియనిదానికి సొమ్ము ఒడ్డడంలో జూదపు వాసన ఉంది. మా మేనల్లునికి ఆ తాళంచెవులు వద్దని కచ్చితంగా చెప్పాం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల జాబితాలో ఆటల వ్యసనమూ చేరింది. దాని గుర్తులలో గంటల లెక్క లేదు. ఆటపై అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటకే పెద్దపీట వేయడం, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆపలేకపోవడం — ఇవీ గుర్తులు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం ఆడినట్టు హదీసుల్లో ఉంది. వినోదానికి మన ధర్మంలో చోటుంది. దాని చోటు దానిది.

కనుక తల్లిదండ్రులు పిల్లవాణ్ణి “ఎంతసేపు ఆడావు?” అని మాత్రమే అడిగితే చాలదు. ఈ నాలుగూ అడగండి: మధ్యలో లేస్తే ఎవరికి నష్టం? వారం రోజులు ఆడకపోతే ఏం పోతుంది? డబ్బు ఎక్కడ అడుగుతుంది? పిలిస్తే వినబడుతుందా? జవాబుల కోసం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. మేము ఆ పని చాలా ఆలస్యంగా చేశాం.

ఇప్పుడు ఆ కంప్యూటర్ ముందు గదిలో ఉంది. హెడ్‌ఫోన్ ఒక చెవికే. ఇషా తరువాత ఒక గంట. రెండుసార్లు మాట తప్పాడు. రెండుసార్లూ తానే వచ్చి ఒప్పుకున్నాడు. మొన్న మేము వెళ్లినప్పుడు బావగారు అతని వెనుక మంచం మీద కూర్చుని ఉన్నారు. “ఆ మంచుకొండ ఎక్కడిదిరా?” అని అడుగుతున్నారు. కొడుకు ఆట ఆపి, తండ్రి వైపు తిరిగి చెబుతున్నాడు.

మన సమయం మన అదుపులో ఉండేలా అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.