మిడిల్‌వెయిట్‌లో అసలు మొనగాడు ఎవరు? బావతో వాదన, వెనకున్న లెక్కలు

ఈ వారం ఎపిసోడ్‌లో వాదనకే టైమ్ సరిపోయింది, లెక్కల దాకా రాలేదు. అందుకే అవి ఇక్కడ పెడుతున్నాను. మా మాటల పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది, తీరిగ్గా చదువుకోండి.

ప్రశ్న చిన్నదే. 160 పౌండ్ల మిడిల్‌వెయిట్‌లో, అంటే సుమారు 72.6 కిలోల తరగతిలో, అందరికన్నా ఎక్కువగా ఏలినవాడు ఎవరు? పోటీ ముగ్గురి మధ్య: అర్జెంటీనా మనిషి కార్లోస్ మోంజోన్, అమెరికన్లు మార్విన్ హాగ్లర్, బెర్నార్డ్ హాప్కిన్స్.

బావ లెక్క చాలా సింపుల్. టైటిల్‌ని హాప్కిన్స్ 20 సార్లు నిలబెట్టుకున్నాడు, మోంజోన్ 14 సార్లు, హాగ్లర్ 12 సార్లు. "ఇంక వాదనేముంది?" అంటాడు. నాకేమో అసలు వాదన అక్కడే మొదలవుతుంది.

ముందు ఆ అంకెల వెనక ఏముందో చూడాలి. మోంజోన్ రోజుల్లో పెద్ద సంస్థలు రెండే, డబ్ల్యు.బి.ఏ., డబ్ల్యు.బి.సి. 1983లో ఐ.బి.ఎఫ్., 1988లో డబ్ల్యు.బి.ఓ. వచ్చి చేరాయి. అంటే ఒకే బరువులో ఒకేసారి నలుగురు "ప్రపంచ ఛాంపియన్లు" ఉండొచ్చు. హాప్కిన్స్ 1995లో గెలిచింది ఐ.బి.ఎఫ్. బెల్టు. 2001 దాకా ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే. ఆ ఆరేళ్ళలో నిలబెట్టుకున్న ప్రతిసారీ మిగతా బెల్టులు ఇంకెవరి దగ్గరో ఉన్నాయి. ఇంట్లో నాలుగు గదులుంటే ఒక గది తాళంచెవి మన దగ్గర ఉన్నట్టన్నమాట.

అలాగని హాప్కిన్స్‌ని తక్కువ చేయట్లేదు. 2001లో కీత్ హోమ్స్‌ని ఓడించి రెండో బెల్టు తీసుకున్నాడు. అదే సెప్టెంబర్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, అప్పటిదాకా ఓటమే తెలియని ఫెలిక్స్ ట్రినిడాడ్‌ని 12వ రౌండ్లో ఆపేశాడు. అక్కడి నుంచి ఆయన రాజ్యం గురించి ఎవరికీ అనుమానం లేదు. 40 ఏళ్ళ వయసులో, 2005 జులైలో, జెర్మెయిన్ టేలర్ చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో టైటిల్ పోయింది.

హాగ్లర్ కథ వేరు. 1980లో లండన్ వెంబ్లీలో అలన్ మింటర్‌ని మూడో రౌండ్లోనే ఆపి గెలిచాడు. కోపంతో జనం రింగ్‌లోకి సీసాలు విసిరారు. తర్వాత నిలబెట్టుకున్న 12 పోటీల్లో 11 గడువుకి ముందే ముగిశాయి. ఒక్క రొబెర్టో డురాన్ మాత్రమే 15 రౌండ్లు నిలబడ్డాడు. ఎదుటివాణ్ణి ఎంత గట్టిగా ఓడించాడు అన్నదే కొలత అయితే హాగ్లర్‌కి సాటి లేదు. 1987లో, దాదాపు మూడేళ్ళు రింగ్‌కి దూరంగా ఉండి వచ్చిన షుగర్ రే లెనార్డ్ ఆయన్ని స్ప్లిట్ డెసిషన్‌తో ఓడించాడు. ఇద్దరు జడ్జీలు 115-113 ఇచ్చారు, ఒకరు ఇటు, ఒకరు అటు. మూడో ఆయన మాత్రం లెనార్డ్‌కి 118-110 ఇచ్చాడు! హాగ్లర్ మళ్ళీ రింగ్ ఎక్కలేదు.

ఇప్పుడు మోంజోన్. 1970 నవంబర్‌లో రోమ్‌కి వెళ్ళి, ఇటలీ వాళ్ళ నీనో బెన్వెనూతిని వాళ్ళ గడ్డ మీదే 12వ రౌండ్లో పడగొట్టాడు. 1964 తర్వాత ఒక్కసారి కూడా ఓడలేదు. 1977లో టైటిల్‌తోనే రిటైర్ అయ్యాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ ముగ్గురి గెలుపుల్లో బాగా పేరు మోసినవి చాలావరకు కింది బరువుల నుంచి ఎక్కి వచ్చినవాళ్ళ మీదే. మోంజోన్‌కి హోసే నాపోలెస్, హాగ్లర్‌కి డురాన్, హర్న్స్, హాప్కిన్స్‌కి ట్రినిడాడ్, డి లా హోయా. పోస్టర్ మీద ఆ పేర్లు ఘనంగా ఉంటాయి గానీ, "ఈ బరువులో ఏలాడా?" అన్న ప్రశ్నకి అవి సగం జవాబే. తన బరువులోనే తన తర్వాత అంతటివాణ్ణి ఏం చేశాడన్నదే నా గీటురాయి.

మోంజోన్‌కి ఆ మనిషి కొలంబియాకి చెందిన రొడ్రిగో వాల్డెస్. 1974లో డబ్ల్యు.బి.సి. తన టైటిల్ మోంజోన్ దగ్గర్నుంచి లాగేసుకుంది, అది వాల్డెస్ చేతికి వెళ్ళింది. 1976లో మోంజోన్ అతన్ని ఓడించి వెనక్కి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మళ్ళీ తలపడితే రెండో రౌండ్లో మోంజోనే కింద పడ్డాడు. లేచి, 15 రౌండ్లు ఆడి, గెలిచి, ఆటకి సెలవు చెప్పాడు. అందుకే నా ఓటు మోంజోన్‌కి.

కానీ ఇంకో మాట రాయకుండా ఆ పేరు వదల్లేను. 1988లో అలీసియా మునీస్ మరణం కేసులో ఆయన హత్యానేరానికి జైలు పాలయ్యాడు. ఆమె ఆయన కొడుకు తల్లి. 1995లో సెలవు మీద బయటికి వచ్చి, జైలుకి తిరిగి వెళుతూ కారు ప్రమాదంలో చనిపోయాడు. "ఏలినవాడు" అన్న మాట రింగ్ తాళ్ళ లోపలికే పరిమితం. "గొప్పవాడు" అని నేను అనను. ఈ ఒక్క విషయంలో బావ, నేను వెంటనే ఒప్పుకున్నాం.

చివరిగా, మన నిజామాబాద్ నిఖత్ జరీన్ సంగతేంటి అని అడిగేవాళ్ళ కోసం. 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ఆమె ప్రపంచ ఛాంపియన్. కానీ అమెచ్యూర్ బాక్సింగ్‌లో బెల్టు నిలబెట్టుకోవడం అన్నదే ఉండదు. ప్రతి టోర్నమెంట్‌లో మొదటి రౌండ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఒలింపిక్స్‌లో లేని బరువైతే ఆ బరువే మార్చుకోవాలి. ఆ ఏలుబడికి వేరే కొలత కావాలి, దానికి వేరే ఎపిసోడ్ కావాలి.

మీ ఓటు ఎవరికి? అంకెకా, దెబ్బకా, ఎదురు నిలిచినవాడి స్థాయికా? కారణంతో సహా రాయండి. వచ్చే వారం బావ ముందు చదువుతాను.