ఆ ఫారం తయారుచేసేదెవరు?

పదో తరగతి ధ్రువపత్రంలో 'షేక్ రేష్మా'. ఆధార్ కార్డులో 'రేష్మా బేగం'. బ్యాంకు ఖాతాలో 'ఎస్.కె. రేష్మా'. ముగ్గురూ ఒక్కరేనని ఇంటివారికి తెలుసు, ఇరుగుపొరుగుకూ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం తెలియదు. ఉపకారవేతనం దరఖాస్తు 'పేరు సరిపోలలేదు' అన్న ఒక్క ముక్కతో తిరిగి వస్తుంది. ఇలాంటి కాగితాలు పట్టుకొని మదరసాకు వచ్చే తల్లులను ప్రతి ఏటా చూస్తున్నాను. షేక్, సయ్యద్, పఠాన్ అనేవి ఇంటిపేర్లా, పేరులో భాగాలా అన్నది మనమే ఒక్కోచోట ఒక్కోవిధంగా రాస్తాం. పైగా ఉర్దూలో ఒకే విధంగా పలికే పేరుకు ఇంగ్లీషులో మూడు రకాల వర్ణక్రమం.

ఆ ఫారంలోని గడులను ఎవరో ఒకరు నిర్ణయించారు. ఏది తప్పక నింపాలి, ఏది ఖాళీగా వదలవచ్చు, పేర్లలో ఎంత తేడా ఉన్నా అంగీకరించవచ్చు అన్నది ప్రభుత్వ కార్యాలయాలలో ఉద్యోగులు కూర్చుని తేల్చే విషయం. మన ఇళ్ల సంగతి ఎరిగిన ఒక అమ్మాయి ఆ ఉద్యోగులలో ఉంటే ఈ ఇబ్బందిని మొదటి రోజే వారి దృష్టికి తెచ్చేది. ఆడపిల్లల కంప్యూటర్ చదువు గురించి మాట్లాడేటప్పుడు జీతం లెక్కలే వేసుకుంటాం గానీ, ఈ కోణం మనకు తట్టదు.

కేంద్ర ప్రభుత్వంలో ఈ పని చేసే ప్రధాన సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్. ఎన్‌ఐసీ అని పిలిచే ఈ సంస్థ 1976లో ఏర్పడింది. జిల్లా కేంద్రాలలో దీనికి శాఖలున్నాయి, సాధారణంగా కలెక్టరేట్ ప్రాంగణంలోనే ఉంటాయి. మన పిల్లలు ఉపకారవేతనాలకు దరఖాస్తు చేసే జాతీయ పోర్టల్, వాహనాల రిజిస్ట్రేషన్‌కు వాడే 'వాహన్', డ్రైవింగ్ లైసెన్సులకు వాడే 'సారథి' ఎన్‌ఐసీ నిర్మించినవే. వక్ఫ్ ఆస్తుల వివరాలను నమోదు చేయడానికి రూపొందించిన 'వామ్‌సీ' కూడా అక్కడ తయారైనదే. ఈ సంస్థకు డాక్టర్ నీతా వర్మ అనే మహిళ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. 2020లో కోవిడ్ కాలాన ప్రభుత్వ కార్యాలయాలు ఇంటినుండి నడవవలసి వచ్చినప్పుడు సంస్థ బాధ్యత ఆమెదే.

మన కుటుంబాలలో జరుగుతున్నది వేరు. అప్పు చేసి అయినా అమ్మాయిని బీటెక్ చదివిస్తారు. పట్టా చేతికి రాగానే, 'మౌల్వీ సాబ్, ఇక మంచి సంబంధం చూడండి' అంటారు. ఉద్యోగం మాట ఎత్తితే హైటెక్ సిటీ, రాత్రి షిఫ్టు, హాస్టల్ గది కళ్లముందు మెదులుతాయి. ఆ భయాన్ని నేను తేలిక చేయను. కానీ కంప్యూటర్ ఉద్యోగమంటే అదొక్కటే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలలో డిజిటల్ అసిస్టెంట్ అనే పోస్టు ఉంది. కుల, ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు మొదట చేరేది ఆ ఉద్యోగి వద్దకే. అక్కడ ఒక యువతి ఉంటే పరదా పాటించే స్త్రీ కూడా సంకోచం లేకుండా తన పని చెప్పుకోగలుగుతుంది.

ప్రభుత్వోద్యోగంలో రాత్రి పని అసలే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎన్నికల ఓట్ల లెక్కింపు వేళ ఎన్‌ఐసీ జిల్లా సిబ్బంది పొద్దుపోయే వరకు కదలలేరు. అయితే అవి కొద్ది రోజులే. కేంద్ర ఉద్యోగినికి 180 రోజుల ప్రసూతి సెలవు, ఇద్దరు పిల్లల పోషణకై సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. దంపతులిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంతవరకు ఒకే ఊరిలో నియమించాలన్న మార్గదర్శకాలూ ఉన్నాయి.

స్త్రీ ఇలాంటి బాధ్యతలు వహించవచ్చునా అని అడిగేవారికి హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి)ని గుర్తు చేస్తాను. ఆమె హజ్రత్ హఫ్సా (రజి)కి రాత నేర్పిన సంగతి అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఆమెకు బజారు పర్యవేక్షణ అప్పగించారన్న కథనాన్ని కొందరు పండితులు బలహీనమైనదిగా ఎంచారు కనుక దానిపై ఆధారపడను. రాత నేర్పిన సంగతి చాలు. హిజాబ్, నమాజు నియమాలు కార్యాలయంలోనూ వర్తిస్తాయి, అందులో సందేహం లేదు. మరొక మాట అత్తవారింటికి కూడా చెప్పాలి. స్త్రీ సంపాదన స్త్రీదేనని దివ్యఖుర్‌ఆన్‌లోని అన్‌నిసా సూరా 32వ ఆయత్ వెలుగులో పండితులు వివరిస్తారు. భార్య జీతం తెచ్చినంత మాత్రాన ఆమె పోషణ భారం భర్త భుజం మీదినుండి దిగిపోదు. కోడలి జీతాన్ని సంబంధం కుదిరిన రోజే లెక్కగట్టేవారు ఇది గమనించాలి.

ఇక పరీక్షల విషయం. 2023లో ఎన్‌ఐసీ 598 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. సైంటిస్ట్-బి, దాని దిగువన సైంటిఫిక్ ఆఫీసర్, టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులు అందులో ఉన్నాయి. బీటెక్ కంప్యూటర్ సైన్స్, ఎంసీఏ వంటి చదువులు అర్హత. మహిళలకు దరఖాస్తు రుసుము లేదు. సైంటిస్ట్-బి మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది. సైంటిస్టుల పదోన్నతికి పై పోస్టు ఖాళీ అయ్యే వరకు వేచి ఉండనవసరం లేదు, పనితీరును మదింపు చేసి పై హోదా ఇస్తారు. కానీ ఇలాంటి ప్రకటనలు ఏటా రావు. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 30 ఏళ్లు. పెళ్లి, కాన్పుల తర్వాత చూద్దామనుకుంటే ఆ గడువు ఇట్టే దాటిపోతుంది. బీటెక్ మూడో ఏటనే సన్నద్ధత మొదలుపెట్టడం మేలు.

రిజర్వేషన్ దగ్గర మనవారు తరచూ పొరబడుతున్నారు. రాష్ట్రంలో ముస్లిం వర్గాలకు ఉన్న బీసీ-ఈ కేంద్ర ఉద్యోగాలకు దానంతట అదే వర్తించదు. దూదేకుల, మెహతర్ వంటి వర్గాలు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నాయి. బీసీ-ఈలోని చాలా వర్గాలు లేవు. కేంద్ర జాబితాలో లేని కుటుంబం, ఏడాది ఆదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, ఆస్తి పరిమితులు దాటకపోతే ఈడబ్ల్యూఎస్ కింద దరఖాస్తు చేయవచ్చు. దానికి 10 శాతం కోటా ఉన్నా వయసు సడలింపు లేదు. ఆ పత్రాన్ని తహసీల్దారు కార్యాలయం నుండి ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా తీసుకోవాలి, అందులో అమ్మాయి పేరు పదో తరగతి పత్రంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.