మయసభలో కొలబద్ద

మయుడు నిర్మించిన సభలో దుర్యోధనుడు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమసెను. కంటిని నమ్మినందున కలిగిన పరాభవమది. నేడు కంప్యూటరు తెరమీద భవనములు కట్టువారికిని ఆ కన్నే మోసము చేయుచున్నదని ఇటీవల నాకు తెలియవచ్చినది.

అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అను సంస్థ 2003లో ప్రారంభించిన ‘సెకండ్ లైఫ్’ అను కల్పితలోకమొకటి కలదు. అందలి ఒక్కొక్క భూఖండము 256 మీటర్ల చదరము. దిమ్మలు, స్తంభములు, గోళములు మొదలగు మూలరూపములను కూర్చి ఎవరికి వలసిన కట్టడమును వారు కట్టుకొనవచ్చును. మా విద్యార్థి యొకడు అందులో మండపము కట్టి, మరునాడు బడిపిల్లలకు చూపనెంచెను. వరుసకు ఎనిమిది స్తంభములు. నడుమ రెండేసి మీటర్లు. మొదటిదానికి నకలు తీసి ప్రక్కన నిలిపి, ఆ నకలుకు మరియొక నకలు తీసి, అంతయు కంటి అంచనాతోనే సాగించెను. ఎదుటనుండి చూడగా ముచ్చటగానే ఉన్నది. మీదినుండి చూతుము గదా, చివరి స్తంభము కప్పు దాటి వెలుపలికి వచ్చియున్నది!

ప్రతి ఎడమునందును 3 సెంటీమీటర్లు హెచ్చినది. ఏడు ఎడములకు 21. స్తంభము లావు 40 సెంటీమీటర్లే. అనగా సగమునకు పైగా బయటనే. ఊరి మేస్త్రీ అయినచో దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయును, రసమట్టము పెట్టును. అప్పటికిని తప్పినచో బరువే తప్పును బయటపెట్టును. ఇచట ఆ భయము లేదు. స్తంభములన్నిటిని తొలగించినను కప్పు గాలిలో నిలిచియే యుండును.

కావున కొలబద్దయే శరణ్యము. వస్తువును జరుపుటకు ఎరుపు, ఆకుపచ్చ, నీలి బాణములు కలవు. బాణమును పట్టి లాగగానే గీట్లతో కొలబద్ద ప్రత్యక్షమగును. మౌసును దాని మీదికి కొనిపోయినచో వస్తువు గీటునుండి గీటునకే దుముకును. గీట్ల ఎడము అరమీటరైనచో రెండు మీటర్లకు నాలుగు గీట్లు. ప్రక్క స్తంభమునుండి కాక స్థిరమైన గీట్లనుండి కొలుచుటచే ఒకదాని పొరపాటు తరువాతిదానికి సంక్రమింపదు. మండపము మూలగా తిరిగియున్నచో మాత్రము లోకపు కొలబద్ద పనికిరాదు; ఆ వస్తువు దిశలనే అనుసరించు కొలబద్దను ఎన్నుకొనవలెను.

మరియొక చిక్కు. అచట వస్తువు స్థానమనగా దాని నడిమి బిందువు, అంచు కాదు. 40 సెంటీమీటర్ల స్తంభమునకు మీటరు దిమ్మను ఆనించవలెనన్న నడిబిందువుల మధ్య 70 సెంటీమీటర్లు ఉండవలెను. ఐదవ తరగతి లెక్కయే. మా వాడు తడబడెను. నిజము చెప్పవలెనన్న నేనును తడబడితిని.

రాత్రి పదకొండు గంటలకు ఏడు స్తంభములను చెరిపి మరల మొదలుపెట్టెను. మరునాడు పిల్లలు తెరమీద మండపమంతయు తిరిగిరి. కప్పు అంచున ఉన్న పట్టీ మినుకుమినుకుమనుచున్నదని ఒక బాలిక పట్టుకొన్నది. నిజమే. రెండు తలములు సరిగా ఒకే మట్టమున పడినచో ఏది ముందో కంప్యూటరు తేల్చుకొనలేదు. పట్టీని ఒక్క సెంటీమీటరు ముందుకు జరిపించితిమి.