అప్పగింతలో అజాగ్రత్త తగదు

బైలదీలా కొండల్లో ఉద్యోగం చేసే కుటుంబాలకు పిల్లల చదువు ఎప్పుడూ ప్రయాణాలతో ముడిపడినదే. కిరండూల్, బచేలిలలో పాఠశాలలు ఉన్నప్పటికీ, పై తరగతులకు పిల్లలను విశాఖపట్నమో, హైదరాబాదో పంపే తెలుగువారు అనేకులు. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గాన్ని 1960వ దశకంలో జపానుకు ఇనుప ఖనిజం ఎగుమతి చేయడానికి నిర్మించారు. మన పిల్లలను హాస్టళ్లకు చేర్చినదీ, సెలవులకు ఇంటికి తెచ్చినదీ కూడా ఆ మార్గమే.

2020 సెప్టెంబరులో జగదల్‌పూర్ నుంచి రాయపూర్, హైదరాబాదులకు అలయన్స్ ఎయిర్ విమానాలు మొదలయ్యాయి. 2024 మార్చి 31న ఇండిగో సంస్థ కూడా ఇక్కడికి సర్వీసు ప్రారంభించింది. అప్పటినుంచి సహోద్యోగ మిత్రులు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: “పిల్లవాణ్ణి ఒక్కణ్ణే విమానం ఎక్కించవచ్చునా?”

మన దేశంలోని విమాన సంస్థల నిబంధన సాధారణంగా ఇలా ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలను పెద్దల తోడు లేనిదే ఎక్కించుకోరు. 5 నుంచి 12 ఏళ్ల మధ్య వయసువారిని, అదనపు రుసుముపై, ప్రత్యేక ఏర్పాటు కింద తీసుకువెళతారు. ఆపై వయసు పిల్లలు మామూలు ప్రయాణికులే. అయితే ప్రతి మార్గంలోనూ, ప్రతి విమానంలోనూ ఈ ఏర్పాటు ఉంటుందని అనుకోరాదు. టికెట్టు కొనక ముందే సంస్థను అడిగి తెలుసుకోవాలి. విదేశాల్లో కొన్ని చౌక విమాన సంస్థలు ఈ బాధ్యతను అసలు స్వీకరించవు. ఐర్లండుకు చెందిన రయానెయిర్ 16 ఏళ్ల లోపు పిల్లలను ఒంటరిగా ఎక్కించుకోదు. తక్కువ సిబ్బందితో, దిగిన విమానాన్ని కొద్ది నిమిషాల్లోనే మళ్లీ ఎగరేసే విధానంలో ఒక పిల్లవాడి చేయి పట్టుకుని నడిపించే మనిషిని కేటాయించడం కష్టం.

మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం వేరు. 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే టికెట్టుపై ప్రయాణించే తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలన్నది దాని సారాంశం. ఒంటరిగా వెళ్లే పిల్లల విషయం ఇందులోకి రాదు.

ఈ సందర్భంలో మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. సుమారు ఇరవై యేళ్ల క్రితం మా అబ్బాయి పదేళ్లవాడు, విశాఖలో హాస్టలు. దసరా సెలవుల అనంతరం వాడికి తోడు వెళ్లవలసిన మిత్రునికి ఆ ఉదయమే ప్రయాణం తప్పిపోయింది. మాకు డ్యూటీ. పెట్టెలో కనిపించిన ఒక పరిచయస్థునితో “కాస్త చూస్తూ ఉండండి” అని చెప్పి దిగిపోయాము. ఆయన జగదల్‌పూర్‌లోనే దిగుతారని మేము అడిగి తెలుసుకోలేదు. దిగేటప్పుడు ఆయన పక్క సీటువారితో “కాస్త చూడండి” అన్నారట. ఘాట్‌లో కొండచరియ విరిగిపడి బండి నాలుగు గంటలు ఆలస్యమైంది. మా చేతుల్లో సెల్‌ఫోన్లు లేని రోజులు. స్టేషనులో వేచి వేచి ఇంటికి వెళ్లిన మా బావమరిది తిరిగి వచ్చేసరికి బండి వచ్చి గంట దాటింది. అర్ధరాత్రి ప్లాట్‌ఫారం మీద, ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు అబ్బాయి. మర్నాడు ఫోనులో మేము కోప్పడబోతే, “ఎవరి దగ్గర ఉండాలో నువ్వు చెప్పలేదు కదా నాన్నా, అందుకే అక్కడే కూర్చున్నాను” అన్నాడు.

ఆ మాట మమ్మల్ని చాలాకాలం బాధించింది. గనిలో షిఫ్టు మారేటప్పుడు ఏ ఇన్‌చార్జీ “కాస్త చూడండి” అని వెళ్లిపోడు. ఏ కన్వేయరు ఆగి ఉన్నదో, ఏ యంత్రం మీద ఎవరు పనిచేస్తున్నారో లాగ్‌బుక్కులో వ్రాసి, ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ సంతకాలు చేస్తారు. బెల్టు మరమ్మతుకు దిగిన మనిషి తన పేరుతో తాళం వేస్తాడు. ఆ తాళం తీయవలసినది అతడే. యంత్రానికి పాటించిన నియమాన్ని మేము కన్నబిడ్డకు పాటించలేదు.

విమాన సంస్థవారు నింపించే పత్రం ఆ లాగ్‌బుక్కు వంటిదే. అప్పగించేవారెవరు, అక్కడ తీసుకునేవారెవరు, వారి చిరునామా, ఫోను నంబరు, గుర్తింపు పత్రం అన్నీ అందులో ఉంటాయి. విమానం ఎగిరేదాకా అప్పగించినవారు విమానాశ్రయం విడిచి వెళ్లరాదు. వాతావరణం బాగాలేక విమానం వెనుదిరిగితే బిడ్డను మళ్లీ తీసుకోవలసినది వారే. ఇల్లు చేరేందుకు మూడు నాలుగు గంటల రోడ్డు ప్రయాణం ఉన్న మనకు ఇది మరీ ముఖ్యం.

రైలులో ఇటువంటి పత్రమే లేదు. ఒంటరిగా కనిపించిన పిల్లలను 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచాలి. అటువంటి బిడ్డ ఎవరికి కనిపించినా 1098కి ఫోను చేయవచ్చు. కానీ ఇవన్నీ తల్లిదండ్రుల జాగ్రత్త తప్పిన తరువాత అక్కరకు వచ్చేవి.

పన్నెండేళ్లు దాటగానే విమాన సంస్థ నిబంధన ముగుస్తుంది. మన బాధ్యత మాత్రం చట్టరీత్యా పద్దెనిమిది ఏళ్ల దాకా ఉన్నది. పదమూడేళ్ల పిల్లవాడికి టికెట్టు ఇస్తారు సరే; విమానం రద్దయితే ఎవరిని అడగాలో, ఎవరి వెంట వెళ్లరాదో వాడికి తెలుసునా? రెండు ఫోను నంబర్లు నోటికి వచ్చునా? ఇవి చూసుకున్న తరువాతనే టికెట్టు సంగతి ఆలోచించాలని మా మనవి.

మా అబ్బాయికి ఇప్పుడు ముప్పై దాటాయి. ఆ రాత్రి సంగతి ఎత్తితే నవ్వేస్తాడు. వాళ్ల అమ్మ మాత్రం ఇప్పటికీ నవ్వదు.